‘ఈ యూనివర్సిటీయే ఎందుకు?’ – ఎస్‌ఓపీలో ఆ ఒక్క పేరా ఎలా రాయాలి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో హైడ్రాలజీలో (నీటి శాస్త్రంలో) ఎంఎస్ చేయాలని ఉంది. అరిజోనా, నెబ్రాస్కాతో పాటు మరో ఏడు యూనివర్సిటీల పేర్లు కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చారు. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’) కూడా వాళ్లే ఇచ్చారు, యూనివర్సిటీ పేరు మార్చుకుంటే చాలన్నారు. అందులో ‘ఎందుకు ఈ యూనివర్సిటీ’ అన్న పేరా ఇలా ఉంది: “మీ విశ్వవిద్యాలయం ప్రపంచ ప్రసిద్ధి చెందినది. అత్యాధునిక ప్రయోగశాలలు, అనుభవజ్ఞులైన అధ్యాపకులు, భిన్న సంస్కృతుల విద్యార్థులున్న వాతావరణంలో చదవాలన్నది నా చిన్ననాటి కల.” నాకు అది నచ్చలేదు కానీ ఏం రాయాలో తెలియడం లేదు. మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టులో మా ఊరి చుట్టూ 22 బోర్లలో మే నెలలో, నవంబరులో నీటిమట్టం కొలిచాం. అది రాస్తానంటే, పల్లెటూరి సంగతులు రాస్తే చులకనగా చూస్తారని వద్దన్నారు. నాకు రెండు బ్యాక్‌లాగులు ఉండి క్లియర్ అయ్యాయి. వాటి గురించి కూడా ఆ పేరాలో చెప్పాలా?

జవాబు: అమ్మా, మీకు నచ్చలేదన్నారే, అక్కడే మీరు సరిగ్గా ఆలోచించారు. ఆ పేరాలో మీరు లేరు, ఆ యూనివర్సిటీ కూడా లేదు. అరిజోనా అన్నచోట ఏ ఇతర పేరు పెట్టినా వాక్యాలు అలాగే నిలబడతాయి. అడ్మిషన్ కమిటీలో ఉండే ప్రొఫెసర్లు ఒక్కో సీజన్‌లో వందల ఎస్‌ఓపీలు చదువుతారు. ‘ప్రపంచ ప్రసిద్ధి’, ‘చిన్ననాటి కల’ కనబడగానే వాళ్ల కన్ను కింది పేరాకు జారిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అదే కన్సల్టెన్సీ అదే పేరాను మీ సీనియర్లకూ ఇచ్చి ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు ఎస్‌ఓపీలను టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తాయి, పాత దరఖాస్తులతో వాక్యాలు కలిస్తే అది చూపిస్తుంది. అప్లికేషన్ చివర ‘ఇదంతా నేనే రాశాను’ అని మీరు టిక్ పెడతారు. పట్టుబడితే పోయేది మీ అడ్మిట్. కన్సల్టెన్సీకి ఏమీ కాదు. చాట్‌బాట్‌తో రాయించినా తేడా లేదు, అందరికీ అవే విశేషణాలు వస్తున్నాయి.

ఇక అసలు సంగతి. ఈ పేరా కష్టంగా అనిపించడానికి కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదు. యూనివర్సిటీని మీరు ఇంకా ఎంచుకోలేదు, వేరేవాళ్లు ఎంచిపెట్టారు. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థిని పంపినందుకు కన్సల్టెన్సీలకు కమీషన్ ఇస్తాయి, కాబట్టి వాళ్ల జాబితా మీ కోసమే తయారైందని అనుకోకండి. ఒక యూనివర్సిటీ గురించి గంటన్నర, రెండు గంటలు వెతికినా రాయడానికి రెండు గట్టి కారణాలు దొరకలేదంటే పేరా మానేయండి, ఆ అప్లికేషన్ కూడా మానేయండి. ఒక్కోదానికి ఫీజు చాలాచోట్ల 70 నుంచి 100 డాలర్లు, అంటే ఆరు వేల రూపాయలకు తగ్గదు. తొమ్మిదింటిని ఐదారుకు తగ్గిస్తే మిగిలే డబ్బుతో ఐఎల్ట్స్ ఫీజు కట్టేయొచ్చు.

కారణాలు వెతకడానికి ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి. ఒక కాగితం మీద తెలుగులోనే రాయండి: నా ప్రాజెక్టులో నాకు అంతుబట్టనిది ఏమిటి? మీ ఉత్తరంతో పంపిన ప్రాజెక్టు రిపోర్టులోనే అది ఉంది. ఎనిమిదో పేజీ పట్టికలో, చెక్‌డ్యాం పక్కనున్న ఐదు బోర్లలో మూడింటిలో నవంబరుకు నీళ్లు పైకొచ్చాయి, రెండింటిలో కదలిక లేదు. ఆ రెండూ చెక్‌డ్యాంకు దగ్గరగానే ఉన్నాయి. రిపోర్టులో దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు. నిజానికి మీ దరఖాస్తు మొత్తానికి ప్రాణం ఆ రెండు బోర్లలోనే ఉంది.

ఎందుకంటే మన దగ్గర కింద ఉన్నది గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్లు. పైన మెత్తబడిన పొరలో, దాని కింద రాతి పగుళ్లలో తప్ప నీరు నిలవదు. ఆ మెత్తబడిన పొరలో కూడా మనకు తోడుకోవడానికి దక్కే నీరు నూటికి రెండు మూడు పాళ్లే. ఒండ్రు ఇసుకలోనైతే పది పాళ్లకు పైనే. పగులు తగిలిన బోరు నిండుతుంది, తగలనిది పక్కనే ఉన్నా ఎండుతుంది. టెంకాయ చేతిలో పెట్టుకుని పాయింట్ చూపించేవాళ్లకు మన జిల్లాల్లో ఇంత గిరాకీ ఉండటానికి, చీనీ (బత్తాయి) తోట కాపాడుకోవాలని ఒకే చేలో మూడు నాలుగు బోర్లు వేసి రైతు అప్పుల పాలవడానికి మూలం ఇదే. కాబట్టి, పల్లె సంగతి రాస్తే చులకనైపోతారన్న మాట పూర్తిగా తప్పు. ఆ బోర్ల దగ్గర నిలబడి టేపు వదిలి కొలిచిన మనిషి హైడ్రాలజీ డిపార్ట్‌మెంటుకు కావాలి.

అయితే ఎలా రాస్తున్నామన్నది చూసుకోవాలి. అనంతపురం నుంచి వెళ్లే ప్రతి ఎస్‌ఓపీలోనూ ‘జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లా మాది’ అన్న వాక్యం ఉంటుంది. దాని వెంట కరువు, వలస, కన్నీళ్లు వస్తాయి. కరువు, వలస నిజమే. జైసల్మేర్ మాట మాత్రం సరికాదు, రాజస్థాన్‌లోనే మనకంటే తక్కువ వాన పడే జిల్లాలు ఇంకా ఉన్నాయి. పైగా అందులో చదివేవాళ్లకు మీరేం చేశారో కనబడదు. ‘సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడే చోట 22 బోర్లు కొలిచాను’ అని ఒక్క ముక్క రాసి ముందుకు సాగండి. కొలిచిన తీరు కూడా చెప్పండి: మోటారు ఆపి ఎన్ని గంటలయ్యాక టేపు వదిలారు? రాత్రంతా ఆపి పొద్దున్నే కొలిస్తే అది నిలకడ మట్టం. గంట కింద ఆపిన బోరులో కొలిస్తే అది ఇంకా పూర్తిగా కోలుకోని మట్టం, ఆ రెండింటినీ కలిపి పట్టికలో పెట్టకూడదు. ఏవైనా రీడింగులు అలా తీసి ఉంటే ఆ మాట దాచకుండా రాయండి. కమిటీకి అది లోపంగా కాక, పని తెలిసిన మనిషి మాటగా వినబడుతుంది.

ఇప్పుడు యూనివర్సిటీ వైపు చూద్దాం. హోంపేజీ మీద సమయం పెట్టకండి, అక్కడున్నది ప్రచారం. చూడాల్సినవి వేరు. మొదటిది డిపార్ట్‌మెంటు పేజీలో ఎంఎస్ విద్యార్థుల హ్యాండ్‌బుక్. థీసిస్ ఉందా, కోర్సులతోనే అయిపోతుందా అన్నది అందులో తెలుస్తుంది. థీసిస్ లేని ప్రోగ్రాంకు రాస్తూ ‘పరిశోధన చేయాలని తపన’ అంటే మీరు హ్యాండ్‌బుక్ తెరవలేదని వాళ్లకు అర్థమవుతుంది. రెండోది కోర్సుల కేటలాగు. కోర్సు పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఈ రెండేళ్లలో అది నిజంగా పెట్టారా, గ్రాడ్యుయేట్ స్థాయిదేనా, బీఎస్ పిల్లల కోర్సా అని సెమిస్టర్ షెడ్యూలులో చూడాలి. మూడోది ఆ డిపార్ట్‌మెంటులో ఈమధ్య వచ్చిన ఎంఎస్ థీసిస్‌లు. యూనివర్సిటీ లైబ్రరీ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. మన పిల్లలు దాదాపు ఎవరూ చూడని చోటు ఇది, మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. మీలాంటి విద్యార్థి రెండేళ్లలో ఏ పాటి పని చేయగలిగిందో, ఎవరి దగ్గర చేసిందో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

ప్రొఫెసర్ల దగ్గరకు వస్తే, గత మూడేళ్ల పేపర్లు చూడండి. పేరు పక్కన ‘ఎమెరిటస్’ అని ఉంటే ఆయన రిటైరైనట్టు, సాధారణంగా కొత్త విద్యార్థులను తీసుకోరు. ఒక పేపరు తీసుకుని సారాంశం, ముందుమాట, ముగింపు, ఒక బొమ్మ, ఇంతవరకూ అర్థమయ్యేలా చదివితే చాలు. సమీకరణాలన్నీ తలకెక్కించుకోనక్కర్లేదు. ఎస్‌ఓపీలో ఒక్కరి పేరు, మహా అయితే ఇద్దరి పేర్లు. వరదల మీద ఒకరు, మంచు మీద ఒకరు, నీటి నాణ్యత మీద ఇంకొకరు, ముగ్గురి దగ్గరా పని చేస్తానంటే ఏదీ తేల్చుకోని మనిషిలా కనబడతారు. ‘ఫలానా ప్రొఫెసర్ దగ్గర పని చేస్తాను’ అని కాకుండా ‘చేయాలని ఉంది’ అని రాయండి, ఎవరిని తీసుకోవాలన్నది వాళ్ల చేతిలోది. ముందుగా మెయిల్ పెట్టాలనుకుంటే ఐదారు లైన్లు చాలు: ఎవరు మీరు, ఏం కొలిచారు, ఏ పేపరు చదివారు, వచ్చే ఫాల్‌కు (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కు) విద్యార్థులను తీసుకుంటున్నారా. జవాబు రాకపోతే బెంగ పడొద్దు, చాలామంది రాయరు.

మీ జాబితాలోని రెండు పేర్లనే తీసుకుని ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తాను.

అరిజోనా యూనివర్సిటీ ఉన్న టూసాన్‌లో ఏడాదికి పడే వాన సుమారు 280 మిల్లీమీటర్లు, మన అనంతపురంలో సగం. ఆ రాష్ట్రంలో 1980లోనే భూగర్భజల నిర్వహణ చట్టం తెచ్చారు. కొలరాడో నది నీటిని 336 మైళ్ల కాలవలో తెచ్చుకుని, టూసాన్ పక్కన ఆవ్రా లోయలో చెరువుల్లాంటి మడుగుల్లోకి వదిలి భూమిలోకి ఇంకించి, తర్వాత బావులతో తోడుకుంటారు. ఇది చదవగానే ‘ఈ పద్ధతి నేర్చుకుని మా జిల్లాలో అమలు చేస్తాను’ అని రాయాలనిపిస్తుంది. ఆ వాక్యం దగ్గర ఆగండి. ఆవ్రా లోయ కింద ఉన్నది వందల అడుగుల మందాన ఒండ్రు, కంకర, ఇసుక. మన కింద ఉన్నది రాయి. అక్కడ ఇంకినట్టు ఇక్కడ ఇంకదు, ఇంకినా అంత నీరు పట్టే చోటు లేదు. హంద్రీ-నీవా కాలవ నీళ్లు మన జీడిపల్లి జలాశయం దాకా వచ్చినా, వాటిని భూమిలో దాచుకునే లెక్క అక్కడికి ఇక్కడికి ఒకటి కాదు. ఈ తేడా మీకు తెలుసని ఒక్క వాక్యంలో చూపిస్తే చాలు, మీ ఎస్‌ఓపీ గుట్టలోంచి పైకి వస్తుంది.

మరి అరిజోనాలో మీకు పనికొచ్చేది ఏముంది? టూసాన్‌కు ఉత్తరాన ఓరకిల్ దగ్గర ఆ యూనివర్సిటీ నడిపే బయోస్ఫియర్ 2 ఉంది. అందులో ల్యాండ్‌స్కేప్ ఎవల్యూషన్ అబ్జర్వేటరీ అని మూడు కృత్రిమ వాలు నేలలు కట్టారు. ఒక్కొక్కటి 30 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పు, మీటరు లోతున నలగ్గొట్టిన బసాల్టు. వాటి మీద కృత్రిమ వాన కురిపించి, లోపల నీరు ఎటు పోతోందో సెన్సర్లతో కొలుస్తారు. మీ చెక్‌డ్యాం దగ్గర మీకు కనబడని మొదటి మీటరు అక్కడ కనబడుతుంది. అందులోనూ రాతి పగుళ్లు లేవు, కాబట్టి మీ ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. ఆ సగాన్ని సగమనే రాయండి.

నెబ్రాస్కా కథ వేరు. అక్కడ 1972 నుంచి సహజవనరుల జిల్లాలు పనిచేస్తున్నాయి, మొత్తం 23. స్థానికులు ఎన్నుకున్న బోర్డులు వాటిని నడుపుతాయి, తమ పరిధిలో భూగర్భజలాల తోడకం మీద నిబంధనలు పెట్టే అధికారం వాటికి ఉంది. లింకన్‌లోని యూనివర్సిటీలో 2010లో ఏర్పడిన డాహర్టీ వాటర్ ఫర్ ఫుడ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మన దగ్గర ఏపీఫామ్స్ ప్రాజెక్టు కింద అనంతపురం, కర్నూలు, కడప సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలుచుకుని, ఉన్న నీటికి తగ్గ పంట వేసుకునే ప్రయత్నం జరిగింది. పక్కపక్క రైతులు ఒక మాట మీదికి ఎలా వస్తారు, కొలతలు వాళ్ల నిర్ణయాన్ని ఎలా మారుస్తాయి అన్నది మిమ్మల్ని లాగుతుంటే మీకు తగినది నెబ్రాస్కా. రాయిలో నీరు ఎటు పోతుందన్నది లాగుతుంటే అరిజోనా. రెండింటికీ రాయొచ్చు, అయితే రెండు పేరాలు రెండు వేరే పేరాలుగా ఉండాలి. నా అంచనా అడిగితే, మీ రిపోర్టులో లెక్కల కంటే రైతులతో మాట్లాడిన పేజీలు బలంగా ఉన్నాయి. ఏది రాసేటప్పుడు చేయి ఆగకుండా సాగుతుందో చూసుకోండి.

అరిజోనాకు పేరా ఇలా ఉండొచ్చు. తెలుగులోనే ఇస్తున్నాను, ఇంగ్లీషులోకి మీ మాటల్లో మీరే మార్చుకోవాలి:

“నేను కొలిచిన 22 బోర్లలో ఐదు ఒకే చెక్‌డ్యాం పక్కన ఉన్నాయి. వానల తర్వాత మూడింటిలో మట్టం పెరిగింది, రెండింటిలో పెరగలేదు. పైపొర దాటిన నీరు ఏ దారిన, ఎంత కాలానికి పగుళ్లకు చేరుతుందో నా కొలతలు చెప్పలేవు. మట్టిలో నీటి కదలికను బయోస్ఫియర్ 2 వాలు నేలల మీద కొలిచే పద్ధతులు నేర్చుకోవడానికే అరిజోనాకు దరఖాస్తు చేస్తున్నాను. (కోర్సు పేరు) ఇందుకు కావలసిన గణితాన్ని ఇస్తుంది. (ప్రొఫెసరు పేరు) పేపరులో రీచార్జిని (భూమిలోకి ఇంకే నీటిని) అంచనా వేసిన తీరు, ఏడాదికి రెండు రీడింగులే ఉన్న నా లాంటి ప్రాంతానికి ఎంతవరకు పనికొస్తుందో పరీక్షించాలని ఉంది. టూసాన్ లోయ ఒండ్రు నేల, మాది గ్రానైటు. అందువల్ల అక్కడి రీచార్జి మడుగులను మా జిల్లాకు తేవడం నా ఉద్దేశం కాదు. చెక్‌డ్యాం ఎక్కడ కడితే ఫలితం ఉంటుందో ముందుగా చెప్పడానికి ఏ కొలతలు కావాలన్నదే నేను నేర్చుకోవలసింది.”

రెండు ఖాళీలు కావాలనే వదిలాను. అవి ఈ ఏడాది కేటలాగు, ఈ ఏడాది ఫ్యాకల్టీ పేజీ చూసి మీరే నింపాలి. అక్కడ పేపరు గురించి నేను రాసిన వాక్యం కూడా మీరు చదివిన పేపరును బట్టి మారాలి. చదవని పేపరు పేరు మాత్రం పెట్టకండి. ఫోన్ ఇంటర్వ్యూ పెట్టే ప్రొఫెసర్లు మొదట అడిగేది దాని గురించే.

నిడివి విషయం: మొత్తం ఎస్‌ఓపీ 800 నుంచి 1000 ఇంగ్లీషు పదాలు అనుకుంటే ఈ పేరా 150 నుంచి 200 దాటకూడదు. 500 పదాలే అడిగినచోట 100. ప్రాజెక్టు గురించి చెప్పిన పేరా వెంటనే ఇది రావాలి, భవిష్యత్తు లక్ష్యాలు దీని తర్వాత. చాలామంది దీన్ని చిట్టచివర కృతజ్ఞతల ముందు ఇరికిస్తారు, అప్పుడది మొక్కుబడిలా కనబడుతుంది. ర్యాంకు రాయొద్దు, వాళ్ల ర్యాంకు వాళ్లకు తెలుసు. ఫీనిక్స్‌లో మామయ్య ఉన్నారు, ఫీజు తక్కువ, చలి ఉండదు, ఇవన్నీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన నిజమైన కారణాలే. డబ్బు సంగతి అసలు చిన్నది కాదు. కాకపోతే కమిటీకి ఈ పేరాలో వాటితో పని లేదు.

బ్యాక్‌లాగులు కూడా ఈ పేరాలోకి రాకూడదు. రెండే, అవీ క్లియర్ అయ్యాయి, ట్రాన్‌స్క్రిప్టులో కనబడతాయి. అనారోగ్యం లాంటి గట్టి కారణం ఉంటే చదువు గురించి చెప్పిన చోట ఒక వాక్యం, లేకపోతే అదీ అక్కర్లేదు.

ఇంకో మాట. అప్లికేషన్ పోర్టల్ మీ సొంత మెయిల్‌తో, మీ పాస్‌వర్డ్‌తో తెరవండి. కన్సల్టెన్సీ మెయిల్‌తో తెరిస్తే మీ పేరున ఏ ఎస్‌ఓపీ వెళ్లిందో కూడా మీకు తెలియకుండా పోతుంది. అలా అయిన పిల్లలు వీసా కిటికీ దగ్గర ఇరుక్కుంటారు. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎఫ్-1 (విద్యార్థి వీసా) ఇంటర్వ్యూ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, ‘ఈ యూనివర్సిటీయే ఎందుకు’ అన్నది అక్కడ మామూలుగా వచ్చే ప్రశ్న. పేరా బట్టీ పట్టి అప్పజెప్పకండి. మూడు వాక్యాలు చాలు: ఏం కొలిచాను, ఏం తెలియలేదు, అది అక్కడ ఎలా నేర్చుకుంటాను. మీరే వెతికి మీరే రాస్తే ఆ మూడూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఫీజు, స్పాన్సర్, బ్యాంకు లోను వివరాలకు మాత్రం అక్కడ జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

ఫాల్ అడ్మిషన్ల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి. ఒక్కో యూనివర్సిటీకి తేదీ వేరు, ఫండింగ్ కావాలంటే ఇంకా ముందే. పేరాను మీ ప్రాజెక్టు గైడ్‌కు చదివి వినిపించండి, రాతి పొరల గురించి పొరపాటు రాస్తే ఆయనకు తెలుస్తుంది. అప్‌లోడ్ చేసే ముందు ఫైలులో మిగతా యూనివర్సిటీల పేర్లు ఒక్కొక్కటీ టైపు చేసి వెతకండి. నెబ్రాస్కాకు వెళ్లే కాగితంలో అరిజోనా మిగిలిపోవడం ప్రతి ఏడాదీ ఎవరికో ఒకరికి జరుగుతూనే ఉంది. పీడీఎఫ్‌గా మార్చాక ఇంకోసారి తెరిచి చూసి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.